ఫ్యూరోసెమైడ్ ఇచ్చాక ఎలుక కిడ్నీలో రెనిన్ జీన్: ఏ రోజు, ఏ గంటకి, ఎలా కొలవాలి

ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే ఎవరో ఒక జూనియర్ నుంచి ఫోన్ వస్తుంది. "అక్కా, వారం రోజులు ఫ్యూరోసెమైడ్ ఇచ్చాం. రెనిన్ జీన్ ఏమీ పెరగలేదు. ప్రైమర్లు పాడయ్యాయంటావా?" ఫ్యూరోసెమైడ్ అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు. రెనిన్ అంటే బీపీ నిలబెట్టడానికి కిడ్నీ రక్తంలోకి వదిలే ఎంజైము. ప్రైమర్లంటే పీసీఆర్‌లో (జీన్ నకళ్ళని పెంచి కొలిచే పద్ధతి) మనకి కావాల్సిన జీన్‌ని పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు. ప్రైమర్ల సంగతి తర్వాత. నేను ముందు అడిగేది ఒకటే: "ఆఖరి డోసు పడ్డాక ఎన్ని గంటలకి కిడ్నీ తీశావ్?" అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, "పొద్దున కొన్ని తీశాం, భోజనాలయ్యాక మిగతావి..." అని నసుగుతారు.

వాళ్ళని తిట్టే హక్కు నాకు లేదు. నా ఎం.ఫార్మసీలో 24 ఎలుకలతో నేను చేసిందీ ఇదే. కంట్రోల్ గుంపు (మందు ఇవ్వనిది) పొద్దున పదింటికల్లా అయిపోయింది. మందు ఇచ్చిన గుంపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. పైగా కిడ్నీని కిడ్నీగానే మొత్తం నూరేశాను. చివర్లో గ్రాఫ్ వేస్తే రెండు గుంపుల బార్లూ భుజం భుజం కలిపి నిలబడ్డాయి. అప్పట్లో మందు మీద అనుమానపడ్డాను. తప్పు మందుది కాదు, నా గడియారానిది. ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన రీఏజెంట్ టైమే అని నాకు అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది. ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి మీకు అన్ని రోజులు ఉండవు కాబట్టి, నేను ఇప్పుడు ఎలా చేస్తానో రాస్తున్నాను.

ముందు కిడ్నీలో ఏం జరుగుతుందో

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న జల్లెడ గ్లోమెరులస్. దానిలోకి రక్తం తెచ్చే సన్నని ధమని గోడలో, సరిగ్గా గుమ్మం దగ్గర, జేజీ (జక్స్టాగ్లోమెరులార్) కణాలుంటాయి. రెనిన్ తయారయ్యేది అక్కడే. అదే నెఫ్రాన్ (ఒక జల్లెడ, దాని గొట్టం కలిపి) తాలూకు గొట్టం కిందికి పోయి, మెలిక తిరిగి, మళ్ళీ పైకొచ్చి ఆ గుమ్మాన్ని ఒరుసుకుంటూ వెళ్తుంది. అలా ఒరుసుకునే చోట గొట్టం గోడలో ఉన్న కణాల పట్టీనే మాక్యులా డెన్సా అంటారు. తన ముందు నుంచి పారే ద్రవంలో ఉప్పు ఎంత ఉందో రుచి చూసి, పక్కనున్న జేజీ కణాలకి కబురు పెట్టడం దాని ఉద్యోగం. ఉప్పు తగ్గితే "రెనిన్ వదలండి" అంటుంది.

ఆ రుచి చూసే నాలుక పేరు ఎన్‌కేసీసీ2, ఉప్పుని కణంలోకి మోసే ప్రొటీన్. ఫ్యూరోసెమైడ్ మూసేది దాన్నే. హెన్లే లూప్ (గొట్టం ఇందాకటి మెలిక) పైకి వెళ్ళే మందపాటి భాగంలోనూ మూస్తుంది, మాక్యులా డెన్సాలోనూ మూస్తుంది. అంటే ఎదురుగా ఉప్పు వరదలా పారుతున్నా మాక్యులా డెన్సాకి చప్పగానే ఉంటుంది. అది గాభరాపడి కాక్స్-2 అనే ఎంజైముతో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే కబురు పదార్థం తయారు చేసి పంపుతుంది. దాంతో జేజీ కణంలో సైక్లిక్ ఏఎంపీ (కణం లోపలి సంకేతం) పెరిగి రెనిన్ బయటికొస్తుంది. శరీరంలో నీళ్ళు ఇంకా తగ్గకముందే ఈ కథ మొదలైపోతుంది.

హైడ్రోక్లోరోథయజైడ్ (థయజైడ్ రకం మందు) సంగతి వేరు. అది మూసే ఎన్‌సీసీ ట్రాన్స్‌పోర్టర్ ఉండేది మాక్యులా డెన్సా దాటాక వచ్చే డిస్టల్ ట్యూబ్యూల్‌లో. నాలుకని అది ముట్టుకోదు. దానివల్ల రెనిన్ పెరిగేది ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గాకే. రెండూ "నీరు తీసే బిళ్ళలే" అయినా రెనిన్ దగ్గరికి వచ్చే దారులు వేరు. మీ ప్రాజెక్టుకి అసలు సరుకు ఈ తేడానే.

ప్రకృతే ఈ ప్రయోగాన్ని మనుషుల్లో చేసిపెట్టింది. పుట్టుకతోనే ఎన్‌కేసీసీ2 పనిచేయనివాళ్ళకి వచ్చేది బార్టర్ సిండ్రోమ్‌లో ఒక రకం. జీవితాంతం ఫ్యూరోసెమైడ్ మింగినట్టే అన్నమాట. ఫ్రెడరిక్ బార్టర్ బృందం 1962లో మొదటిసారి ఈ జబ్బుని వర్ణించినప్పుడు కిడ్నీ బయాప్సీలో కొట్టొచ్చినట్టు కనబడింది జేజీ కణాలు విపరీతంగా పెరిగి ఉండటం. ఎన్‌సీసీ పనిచేయకపోతే వచ్చేది గిటెల్‌మాన్ సిండ్రోమ్. అది జీవితకాలపు థయజైడ్. వైవాలో ఎక్స్‌టర్నల్ "దీనికి క్లినికల్ రెలవెన్స్ ఏమిటి" అంటే ఈ రెండు పేర్లతో మొదలుపెట్టండి.

ఇప్పుడు గడియారాల సంగతి. ఇంట్లో ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ఉందనుకోండి. చుట్టాలొస్తే పావుగంటలో ఇడ్లీ దిగుతుంది. జేజీ కణాల్లో రేణువులుగా దాచిపెట్టిన రెనిన్ అలాంటిది. ఫ్యూరోసెమైడ్ పడిన నిమిషాల్లో రక్తంలోకి వచ్చేది ఆ నిల్వే. అప్పటికి జీన్ దగ్గర పెద్దగా కదలిక ఉండదు. చుట్టాలు రోజూ వస్తుంటే మాత్రం పప్పు నానబోయాలి, రుబ్బాలి. రెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ (జీన్ నుంచి రాసుకున్న నకలు) పెరగడం ఆ పని. దానికి గంటలు, రోజులు పడుతుంది. ఇంకా కొనసాగితే ఒక గ్రైండర్ చాలదు. ధమని గోడలో కొంచెం ఎగువన మామూలు కండర కణాలుగా ఉన్నవి కూడా రెనిన్ చేయడం మొదలుపెడతాయి. పిండదశలో అవి చేసిన పనే అది, మళ్ళీ గుర్తు తెచ్చుకుంటాయి. ఇదే రిక్రూట్‌మెంట్. మూడు దశలకీ మూడు గడియారాలు. మీరు కొలిచేది ఏ దశనో ముందే తేల్చుకోకపోతే తర్వాత వచ్చే అంకెకి అర్థం చెప్పలేరు.

ఎన్ని ఎలుకలు, ఏ రోజులు

చాలామంది చేసే డిజైన్ ఇలా ఉంటుంది: ఒకే కంట్రోల్ గుంపుని మొదటి రోజు తీసేసి, మందు గుంపుల్ని 1, 7, 21 రోజులకి తీయడం. ఇది పనికిరాదు. పిల్ల ఎలుకల్లో రెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. మూడు వారాల్లో మీ ఎలుక బరువూ మారుతుంది, దాని రెనిన్ మట్టమూ మారుతుంది. అందుకే ప్రతి రోజుకీ ఆ రోజు కంట్రోల్ ఉండాల్సిందే. దీంతో ఎలుకల సంఖ్య పెరుగుతుంది, నిజమే. కానీ రోజుల్ని తగ్గించుకోండి గాని కంట్రోల్‌ని తగ్గించుకోకండి.

నేను జూనియర్లకి చెప్పే కనీస డిజైన్ 36 ఎలుకలది. 1వ రోజు రెండు గుంపులు: వెహికల్ (మందు లేని ఉత్త ద్రావణం), ఫ్యూరోసెమైడ్. 7వ రోజు నాలుగు గుంపులు: మామూలు నీళ్ళతో వెహికల్, మామూలు నీళ్ళతో ఫ్యూరోసెమైడ్, ఉప్పునీళ్ళతో వెహికల్, ఉప్పునీళ్ళతో ఫ్యూరోసెమైడ్. గుంపుకి ఆరు. థయజైడ్ కూడా కావాలంటే 7వ రోజుకి మామూలు నీళ్ళతో ఒక గుంపు, ఉప్పునీళ్ళతో ఒక గుంపు కలపండి, 48 అవుతాయి.

ఉప్పునీళ్ళు ఎందుకంటే, మూత్రంలో పోయిన సోడియం, పొటాషియం తిరిగి ఇవ్వడానికి. తాగే నీళ్ళలో 0.8 శాతం సోడియం క్లోరైడ్, 0.1 శాతం పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. లీటరుకి 8 గ్రాములు, 1 గ్రాము. పోయింది తిరిగి వచ్చేస్తే ఒంట్లో నీరు తగ్గిందన్న సాకు పోతుంది. అప్పుడూ రెనిన్ పెరిగి ఉంటే అది మాక్యులా డెన్సా నాలుక మీద మందు చేసిన పని. థయజైడ్ గుంపులో అయితే ఉప్పునీళ్ళు ఇచ్చాక రెనిన్ పెరుగుదల చాలావరకు చల్లారాలి. ఉప్పునీళ్ళకి విడిగా వెహికల్ గుంపు ఎందుకని ఐఏఈసీ (కాలేజీలో జంతు ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ) మీటింగులో అడుగుతారు. ఉప్పు ఎక్కువైతే ఉత్త ఎలుకలోనే రెనిన్ తగ్గుతుంది కాబట్టి. ఈ ఒక్క వాక్యం ఫారం-బీలో (అనుమతి దరఖాస్తు) రాస్తే చాలు. సీసీఎస్ఈఏ (జంతు ప్రయోగాలపై కేంద్ర ప్రభుత్వ కమిటీ) నియమాల ప్రకారం ప్రతి ఎలుకకీ లెక్క చెప్పాలి. అది చాదస్తమని మీకు అనిపించొచ్చు. నాకైతే నా 24 ఎలుకలు గుర్తొస్తాయి.

ఎలుకల స్ట్రెయిన్ (జాతి రకం) మార్చొద్దు. విస్టార్ అయితే అన్నీ విస్టార్, ఒకే చోట నుంచి, అన్నీ మగవి లేదా అన్నీ ఆడవి, బరువులు దగ్గరదగ్గరగా. ఎవరైనా చిట్టెలుకలతో (మౌస్) చేద్దామంటే ఒక హెచ్చరిక. మనం వాడే ఎలుకకి (ర్యాట్) రెనిన్ జీన్ ఒక్కటే. చిట్టెలుకల్లో సీ57బీఎల్/6కి ఒక్కటే కానీ, 129, డీబీఏ/2 లాంటి స్ట్రెయిన్లలో రెన్1తో పాటు రెన్2 కూడా ఉంటుంది. రెండింటి సీక్వెన్సూ దాదాపు ఒకటే కాబట్టి మీ ప్రైమర్ దేన్ని పట్టుకుందో తెలియదు.

మందు ఇవ్వడం

ఫ్యూరోసెమైడ్ పొడి ఉత్త నీళ్ళలో కరగదు. కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్ళలో కరుగుతుంది. తర్వాత ఆమ్లం తగిలితే మళ్ళీ తెల్లగా విరిగిపోతుంది. వెలుతురు పడనివ్వకండి, సీసాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. చిన్న ప్రయోగమైతే మందుల షాపులో దొరికే లాసిక్స్ ఇంజెక్షన్ మేలు: మిల్లీలీటరుకి 10 మి.గ్రా. 200 గ్రాముల ఎలుకకి కిలోకి 10 మి.గ్రా. చొప్పున ఇవ్వాలంటే 2 మి.గ్రా., అంటే 0.2 మిల్లీలీటర్. డోసు మాత్రం మీ ఐఏఈసీ ఆమోదించినదే. ఇక్కడి అంకె లెక్క చూపడానికి.

మందు పడ్డాక అరగంట ఓపిక పట్టి పంజరం కింద పరిచిన కాగితం చూడండి. కంట్రోల్ పంజరం కింద అక్కడక్కడా పసుపు చుక్కలుంటాయి. ఫ్యూరోసెమైడ్ పంజరం కింద కాగితం ఆ మూల నుంచి ఈ మూలకి తడిసి రంగులేని మ్యాప్‌లా ఉంటుంది. అది కనిపించకపోతే ఆ రోజు డోసు సరిగా పడలేదు. ఈ ఒక్క చూపు మీకు తర్వాత నెల రోజుల టెన్షన్ తప్పిస్తుంది.

ఇక అసలు మెలిక. ఫ్యూరోసెమైడ్ ప్రభావం ఎలుకలో కొద్ది గంటలే. అది దిగిపోయాక మిగతా రోజంతా కిడ్నీ పోయిన ఉప్పుని కసిగా వెనక్కి లాక్కుంటుంది. రోజుకొక్కసారి పొద్దున డోసు ఇచ్చి, మర్నాడు డోసుకి ముందు కిడ్నీ తీశారనుకోండి, మీరు చూస్తున్నది మందు ప్రభావం కాదు, మందు లేని ఇరవై గంటల ప్రభావం. మా నాన్న గుంటూరు నుంచి హైదరాబాద్ బస్సెక్కే రోజు లాసిక్స్ వేసుకోడు, దారిలో బస్సు ఆపరని. రెండో రోజుకల్లా కాళ్ళు వాస్తాయి. మీ ఎలుకకీ రోజూ ఒక బస్సు ప్రయాణం పెట్టినట్టే అవుతుంది.

దీనికి మంచి మార్గం చర్మం కింద పెట్టే ఆస్మోటిక్ పంపు. రోజులకొద్దీ ఒకే వేగంతో మందు వదులుతుంది. కానీ ఒక్కో ఎలుకకి ఒక పంపు కావాలి. జీప్యాట్ (ఎం.ఫార్మసీ ప్రవేశపరీక్ష) స్టైపెండ్‌తో బతికేవాళ్ళకి ఆ మాట చెప్పడం నాకే సిగ్గు. పంపు లేకపోతే రోజుకి రెండు డోసులు, 12 గంటల తేడాతో. ఆఖరి డోసుకీ కిడ్నీ తీయడానికీ మధ్య అన్ని ఎలుకలకీ ఒకటే వ్యవధి. నేను 4 గంటలు పెట్టుకుంటాను. మీరు 6 పెట్టుకున్నా ఫర్వాలేదు. 4 అంటే 4, 6 అంటే 6, అంతే.

పంపు పెట్టేవాళ్ళు ఇంకో గోతిలో పడతారు. ఆపరేషన్ చేశాక నొప్పికి మెలాక్సికామ్ ఇస్తారు. ఇవ్వాల్సిందే, నొప్పితో వదిలేయకూడదు. కానీ మెలాక్సికామ్ కాక్స్-2ని అణచే మందు. మాక్యులా డెన్సా కబురు వెళ్ళేది కాక్స్-2 మీదుగానే. మీరే తీగ కత్తిరించి, ఫోన్ మోగలేదని కూర్చుంటారు. ఈ దారిలో అడ్డుపడని నొప్పి మందు ఏదో పశువైద్యుణ్ణి ప్రోటోకాల్ రాసేటప్పుడే అడగండి. ఇచ్చేదేదో కంట్రోల్‌కీ ఇవ్వండి.

మేత ఒకే బ్యాచ్ పెల్లెట్. ఉప్పు తక్కువున్న మేత ఒక్కటి చాలు రెనిన్ పెరగడానికి. రోజూ ఒకే గంటకి బరువు తీయండి. మొదటి 24 గంటల్లో మామూలు నీళ్ళ ఫ్యూరోసెమైడ్ గుంపు బరువు దిగాలి, ఉప్పునీళ్ళ గుంపు బరువు దాదాపు నిలబడాలి. ఉప్పునీళ్ళ ఎలుకలు విపరీతంగా తాగుతాయి. రాత్రికి సీసా ఖాళీ అయిందంటే మీ "ఉప్పు తిరిగి ఇచ్చిన" గుంపు కాస్తా దాహంతో ఉన్న గుంపు అయిపోయినట్టే. పడుకునే ముందు ఒకసారి వెళ్ళి నింపిరండి. ఆదివారాలు కూడా.

కిడ్నీ తీసే రోజు

ఈ రోజు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ప్రయోగం గెలిచేదీ ఓడేదీ ఈ రోజే.

రెనిన్‌కి పగలూ రాత్రీ తెలుసు. అందుకే ఒక్క రోజులో 36 ఎలుకలు తీయాలనుకోకండి. మొదలుపెట్టడమే విడతలుగా పెట్టండి. ఒక్కో విడతలో ప్రతి గుంపు నుంచి ఒక్కో ఎలుక. 7వ రోజు గుంపులు నాలుగైతే రోజుకి నాలుగు ఎలుకలు, పొద్దున 9 నుంచి 11 లోపు. ఆరు రోజులు పడుతుంది. వరస కూడా రోజూ మార్చండి, ఎప్పుడూ కంట్రోలే ముందు ఉండకూడదు.

ఎలుకని పంజరంలోంచి పట్టి లాగినా, పక్కదాని రక్తం వాసన తగిలినా సింపథెటిక్ నరాలు (భయానికి స్పందించేవి) లేచి, జేజీ కణాల మీదున్న బీటా-1 రిసెప్టర్ల దారిలో రెనిన్ వదిలిస్తాయి. ఐసోఫ్లురేన్ మత్తుతో బీపీ పడిపోతే కూడా అంతే. ఇది రక్తంలోని రెనిన్‌ని పాడు చేస్తుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం మారదు. అందుకే నేను జీన్ లెక్కని రక్తం లెక్క కన్నా ఎక్కువ నమ్ముతాను. అయినా రక్తం తీయండి, ఈడీటీఏ ట్యూబులో. ఒక సన్నని గాజు గొట్టంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) కూడా చూడండి. పైసా ఖర్చు లేని పని. ప్లాస్మా తగ్గితే హెమటోక్రిట్ పెరుగుతుంది. ఉప్పునీళ్ళ గుంపులో అది కంట్రోల్‌తో సమానంగా ఉందంటే మీ డిజైన్ నిలబడినట్టు. థీసిస్‌లో ఆ టేబుల్ ఒక్కటి చాలు, రివ్యూయర్ నోరు మూయించడానికి.

పొట్ట తెరవగానే ఎడమ కిడ్నీ తీయండి. ఐసు మీద పెట్టిన పెట్రీడిష్‌లో వేసి పైపొర ఊడదీయండి. నానిన చిక్కుడు గింజ తొక్క వచ్చినట్టు జారి వస్తుంది. కొత్త బ్లేడుతో నిలువుగా రెండు చీలికలు చేస్తే లోపల రంగుల తేడా కనబడుతుంది. బయట ఇటుక రంగు అంచు కార్టెక్స్, లోపల ముదురు ఎరుపు పట్టీ, మధ్యలో పాలిపోయిన మొన, ఈ రెండూ మెడుల్లా. మీకు కావాల్సింది ఆ ఇటుక రంగు అంచే. గ్లోమెరులస్‌లన్నీ, జేజీ కణాలన్నీ అక్కడే. కిడ్నీలో ఈ కణాలు నూటికి ఒకటి కూడా ఉండవు. మెడుల్లా కూడా కలిపి నూరితే ఉన్న కాస్త సంకేతం నీళ్ళలో ఉప్పులా పల్చబడిపోతుంది. ఒకరు ఎక్కువ మెడుల్లా, ఇంకొకరు తక్కువ మెడుల్లా వదిలితే ఆ తేడాయే మీకు "మందు ప్రభావం"లా కనిపిస్తుంది. అందుకే కోసేది ఒకరే కోయాలి, మొదటి ఎలుక నుంచి చివరిదాకా.

30 మి.గ్రా. ముక్కలు మూడు నాలుగు, ఒక్కోటి ఒక్కో క్రయోవయల్‌లో, వెంటనే ద్రవ నైట్రోజన్‌లోకి. నైట్రోజన్ లేకపోతే ఆర్‌ఎన్‌ఏలేటర్ (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ద్రావణం). అందులో వేసే ముక్క అర సెంటీమీటరు కన్నా మందం ఉండకూడదు. పొట్ట తెరవడం నుంచి వయల్ మూత పడేదాకా రెండు నిమిషాలు దాటనివ్వకండి. పక్కన ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదువుతుంటే చెయ్యి అదే వేగం పుంజుకుంటుంది.

కుడి కిడ్నీ ఫార్మలిన్‌లోకి. దీన్ని మాత్రం దయచేసి పారేయకండి, కారణం చివర్లో చెప్తాను. కిడ్నీ పైన కొవ్వులో చిన్న పసుపు గింజల్లా అడ్రినల్స్ ఉంటాయి, అవీ తీసి గడ్డకట్టించండి. ఆల్డోస్టెరాన్ (ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోన్) తయారీకి కావాల్సిన సీవైపీ11బీ2 జీన్ ముఖ్యంగా పనిచేసేది అక్కడే. ఇప్పుడు డబ్బులు లేకపోయినా వచ్చే ఏడు పనికొస్తుంది.

వయల్స్ మీద మామూలు మార్కర్‌తో రాయకండి. ఒక వేసవిలో మా మైనస్ 80 ఫ్రీజర్ రాత్రికి రాత్రి ఆగిపోయింది. కరెంటు పోయాక జనరేటర్ దాన్ని అందుకోలేదు. కంగారులో డబ్బాలు మారుస్తుంటే సగం పేర్లు మంచుతో పాటు తుడిచిపెట్టుకుపోయాయి. పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వేయండి, పైన క్రయోలేబుల్. నమూనాలు రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టండి.

ఆర్‌ఎన్‌ఏ, పీసీఆర్

కణజాలంలోంచి ఆర్‌ఎన్‌ఏని విడదీసే ట్రైజాల్ పద్ధతి మీకు తెలిసిందే: 50 నుంచి 100 మి.గ్రా. కణజాలానికి 1 మి.లీ., దానికి 0.2 మి.లీ. క్లోరోఫామ్, 12,000 జీ వద్ద 15 నిమిషాలు, పైపొర తీసి 0.5 మి.లీ. ఐసోప్రొపనాల్, 75 శాతం ఇథనాల్‌తో కడగడం. పైపొర తీసేటప్పుడు ఆశపడకండి. మధ్యలో తెల్లపొర మీద కొంత వదిలేయండి, లేకపోతే డీఎన్‌ఏ, ఫీనాల్ వెంట వస్తాయి. ఆర్‌ఎన్‌ఏ శుద్ధి చెప్పే 260/280 నిష్పత్తి 2.0 దగ్గర ఉండాలి. డీఎన్‌ఏస్ చేయడం (మిగిలిన డీఎన్‌ఏని నాశనం చేయడానికి), రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏ నకలుగా మార్చే ఎంజైము) లేకుండా ఒక ట్యూబు నడపడం, ఈ రెండూ ఎగ్గొట్టొద్దు. ప్రైమర్లు రెండు ఎక్సాన్ల మీదుగా పడేలా చూసుకోండి.

రిఫరెన్స్ జీన్ (మందుతో మారదని నమ్మి, మిగతావాటిని పోల్చే జీన్) దగ్గర మాత్రం ఆగుతాను. అందరూ కళ్ళు మూసుకుని జీఏపీడీహెచ్ పెడతారు. ఫ్యూరోసెమైడ్ వారం పాటు ఇస్తే కిడ్నీ ఊరికే కూర్చోదు. డిస్టల్ ట్యూబ్యూల్ కణాలు పని ఎక్కువై లావెక్కుతాయి, వాటి ఎన్‌సీసీ పెరుగుతుంది. ఇలా రూపమే మారిపోతున్న కణజాలంలో జీఏపీడీహెచ్, బీటా-యాక్టిన్ కదలకుండా ఉంటాయని మీకెవరు చెప్పారు? నాలుగైదు జీన్లు అన్ని గుంపుల నమూనాల్లో పరీక్షించి, తక్కువ కదిలే రెండింటిని ఎంచుకుని వాటి సగటు వాడండి. క్యూపీసీఆర్ (జీన్‌ని కొలిచే ఈ పీసీఆర్) ఫలితాలు ఎలా రాయాలో చెప్పే, 2009లో వచ్చిన మికీ (MIQE) గైడ్‌లైన్స్ అడిగేది కూడా ఇదే.

లెక్క ఎంత సున్నితమో చూడండి. సీటీ అంటే పీసీఆర్‌లో జీన్ సంకేతం పైకి కనబడిన సైకిల్ సంఖ్య; అది తక్కువైతే జీన్ నకళ్ళు ఎక్కువ. కంట్రోల్‌లో రెనిన్ సీటీ 22.0, రిఫరెన్స్ 18.0 అనుకుందాం. తేడా 4.0. ఫ్యూరోసెమైడ్ ఎలుకలో రెనిన్ 20.9, రిఫరెన్స్ 18.1. తేడా 2.8. రెండు తేడాల మధ్య 1.2 సైకిళ్ళు. 2ని 1.2 ఘాతానికి పెంచితే 2.3 రెట్లు. ఇప్పుడు రిఫరెన్స్ మందు వల్లే అర సైకిల్ కదిలిందనుకోండి. ఆ అర సైకిల్ ఒక్కటే 1.4 రెట్ల తేడా తెచ్చేస్తుంది. మీ 2.3 రెట్లు ఒక వైపు 1.6 అవుతాయి, ఇంకో వైపు 3.2. అంటే మీ ఫలితంలో దాదాపు సగం మందుది కాక జీఏపీడీహెచ్‌ది కావచ్చు.

రెట్టింపు లెక్క చెల్లాలంటే ప్రైమర్ల సామర్థ్యం 100 శాతానికి దగ్గరగా ఉండాలి. పూల్ చేసిన సీడీఎన్‌ఏని పదో వంతు చొప్పున పల్చన చేస్తూ ఐదు బిందువుల గీత గీయండి, వాలు మైనస్ 3.32 దగ్గర రావాలి. ప్లేటులో ఒక్కో నమూనాకి మూడు గుంటలు పెడతాం కదా, ఆ మూడూ మూడు ఎలుకలు కాదు. మూడు గుంటల సగటు ఒక్క ఎలుక. ఇది చెప్పాల్సిన మాటేనా అనుకోకండి, 18 గుంటలు చూపించి ఎన్ (ఎలుకల సంఖ్య) 18 అని రాసిన థీసిస్ నేను చేత్తో పట్టుకుని చూశాను. స్టాటిస్టిక్స్ రెట్ల మీద కాక, తేడా సీటీల మీద చేయండి.

రెనిన్‌తో పాటు ఇంకో జీన్ కావాలంటే కాక్స్-2 తీసుకోండి. ఫ్యూరోసెమైడ్‌తో మాక్యులా డెన్సాలో అది పెరుగుతుంది, కథలో ముందు అధ్యాయం అదే. "కిడ్నీ హార్మోన్" అన్నారు కదా అని ఎరిత్రోపోయిటిన్ (ఎర్ర రక్తకణాలు పెంచే హార్మోన్) కలపకండి. ఆక్సిజన్ సరిగా అందుతున్న కిడ్నీలో దాని ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత తక్కువంటే, సీటీ చివరి సైకిళ్ళలోకి పోయి మీరు చూసేది జీన్‌నా, దుమ్మునా తేలదు.

అంకె చదవడం

1వ రోజు రక్తంలో రెనిన్ బాగా పెరిగి, కార్టెక్స్‌లో ఎంఆర్‌ఎన్‌ఏ అంతంతమాత్రంగా ఉంటే కంగారుపడకండి. పిండి నిల్వ వాడుతోంది, పప్పు ఇంకా నానుతోంది. 7వ రోజుకి ఎంఆర్‌ఎన్‌ఏ స్పష్టంగా లేచి ఉండాలి. ఇంకా పొడిగిస్తే అదే వేగంతో పెరుగుతూ పోదు. రెనిన్ వల్ల పుట్టిన యాంజియోటెన్సిన్-2 (రక్తనాళాలని బిగించే హార్మోన్) వెనక్కి వచ్చి జేజీ కణాలకి బ్రేకు వేస్తుంది. ఈ బ్రేకుని తీసేసేవే రామిప్రిల్, లోసార్టాన్ లాంటి మందులు. వాటితో రెనిన్ జీన్ ఇంకా పైకి పోతుంది, కానీ యాంజియోటెన్సిన్-2 చేయాల్సిన పని జరగదు. గుండె జబ్బులో ఫ్యూరోసెమైడ్‌తో పాటు డాక్టర్లు వాటినీ రాయడంలో ఈ లెక్క ఉంది. ఈ గ్రాఫ్ చూపించి ఇంట్లో ఎవరి లాసిక్స్‌నో ఆపేయకండి. నాన్నకి చూపించి పొరపాటు చేశాను, బస్సుకి ఇంకో సాకు దొరికింది.

ఇక కుడి కిడ్నీ. క్యూపీసీఆర్ 2.3 రెట్లు అంటే ఒక్కో జేజీ కణం 2.3 రెట్లు ఎక్కువ రాస్తోందా, రాసే కణాలే పెరిగాయా? ట్రైజాల్‌లో కరిగిన ముక్కకి ఆ సంగతి గుర్తుండదు. ఫార్మలిన్ కిడ్నీని కోసి రెనిన్ యాంటీబాడీతో రంగు వేస్తే తెలుస్తుంది. కంట్రోల్‌లో గోధుమరంగు చుక్క గ్లోమెరులస్ గుమ్మం దగ్గరే ఆగుతుంది. కణాలు కొత్తగా చేరిన ఎలుకలో ఆ రంగు ధమని వెంట ఎగువకి పాకుతుంది. ఒక్కో ఎలుకకి 50 గ్లోమెరులస్‌లు లెక్కపెట్టి, ఎన్నింటికి రంగుందో, రంగు ఎంత దూరం పోయిందో రాసుకోండి. లెక్కపెట్టేవాళ్ళకి ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకూడదు. నేను మా హాస్టల్ రూమ్మేట్‌తో లెక్కపెట్టించాను, ఆమె చేసేది ఎం.కాం.

ఎలుకలకి ఇంకా అనుమతి దొరికితే ఆరింటిని మందు ఆపేసిన గుంపుకి, ఇంకో ఆరింటిని దానికి జోడీ వెహికల్ గుంపుకి ఉంచండి: 7 రోజులు ఫ్యూరోసెమైడ్, తర్వాత 7 రోజులు మందు లేకుండా, కిడ్నీ తీసేది అదే పొద్దున 9 నుంచి 11 మధ్య. మందు ఆపితే రెనిన్ జీన్ మళ్ళీ దిగుతుందో లేదో చూడటానికి ఇది. ఈ రెండు గుంపుల్ని ఐఏఈసీకి ఇచ్చే మొదటి దరఖాస్తులోనే రాయండి. మధ్యలో అడిగితే సవరణ మీటింగు వచ్చేసరికి మీ సబ్మిషన్ తేదీ దాటిపోతుంది. నాకు అలాగే దాటింది.